నవ్వుతూ చేసేది పని కాదు

హైమావతికి నడుం పట్టేసింది. మంచం పట్టిన అత్తగారు వెంకాయమ్మను ఒక్కతే లేపలేక, సాయానికి మనిషిని ఇమ్మని, ఇంటిపనుల లెక్క తీసి మనుషుల్ని పంపే పరిశోధన కేంద్రానికి అర్జీ పెట్టుకుంది. ఎవరికెంత పని, ఎంత తీరిక అన్నది ఇప్పుడు అందరి చేతులకీ ఉన్న పట్టీలే విని తేలుస్తున్నాయి.

కేంద్రం నుంచి ఫోనొచ్చింది. "మీరు రోజులో సగం కాలక్షేపమే చేస్తున్నారండీ. ఆవిడకి ఒళ్ళు తుడుస్తూ నవ్వుతున్నారు. నవ్వుతూ చేసేది పని కిందికి రాదు."

నిజమే. నూనె రాస్తున్నంతసేపూ వెంకాయమ్మ వీధిలో వాళ్ళందర్నీ వెక్కిరించి కోడల్ని నవ్విస్తుంది.

ఆ మాటలు అత్తగారూ విన్నది. మర్నాడు ఒళ్ళు తుడవబోతే గట్టిగా అరిచింది. "చేతులా అవి, చీపురుకట్టలా?"

హైమావతి బిత్తరపోయింది. ముసలావిడ కళ్ళతో పట్టీని చూపించింది. అర్థమై, హైమావతి తల దించుకుని నవ్వు మింగింది.

తిట్లు రోజురోజుకీ పదునెక్కాయి. హైమావతి చనిపోయిన తల్లిని కూడా వెంకాయమ్మ వదల్లేదు. కొన్నాళ్ళకి మింగడానికి నవ్వే రాలేదు.

చివరికి సాయానికి సుభాషిణి అనే ఆమెను పంపారు. హైమావతి మంచం పక్కన చతికిలబడి, "ఇంక చాలత్తయ్యా, ఏదైనా నవ్వొచ్చే మాట..." అంటుండగానే సుభాషిణి ఆమె నోరు మూసింది.

"నెలనెలా పట్టీ లెక్క చూస్తారమ్మా," అంది చెవిలో. "తీరిక కనిపిస్తే నన్ను తీసేస్తారు."

"కూర్చున్నావేం? లే!" అని అరిచింది వెంకాయమ్మ.

హైమావతి లేచింది. అది పట్టీ కోసం అన్నదో, తననే అన్నదో ఈసారి తెలియలేదు. అడగడానికి వీల్లేదు.