జింకల కంచె

తాంబూలాల పళ్లెం పార్కు గేటు దగ్గర కారులో ఉంది. పద్మనాభ్, నేను కాసేపు మాట్లాడుకుని రాగానే పెద్దవాళ్లు తాంబూలాలు మార్చుకుంటారు. మా ఇష్టం అడగడానికి కాదు, ఈ రోజుల్లో అలా పంపడం మర్యాదని పంపించారు.

అతను పచ్చిక దాటి, నీళ్లు లేని ఫౌంటెన్ వెనక నుంచి వెదురు పొదల్లోకి దారి తీశాడు. అక్కడ మనిషి జాడ లేదు.

"నాయన వెతుకుతాడు, వెనక్కి పోదాం," అన్నాను భయంగా.

"ఈడికి ఎవరూ రారులెండి."

పాత జింకల కంచె దగ్గర ఆగి, తీగల్ని తడిమి ఒకచోట పైకెత్తాడు. అవతల రోడ్డు మీద ఏర్పేడు బస్సు ఆగి ఉంది.

"చిన్నప్పుడు టికెట్టు లేకుండా ఇట్లే దూరేవాళ్లం. పోండి, నేను పట్టుకుంటాను. మీకీ పెండ్లి ఇష్టం లేదని మీ మొహం చూస్తానే తెలిసింది."

"మీకు?"

"నాకూ లేదు. మా నాయనకు చెప్పే ధైర్యమూ లేదు."

"అయితే ఇద్దరం పోదాం."

"బాగుండాది! ఇద్దరం పోతే లేచిపోయినారని రాత్రికే తాళి కట్టిస్తారు."

నాకు నవ్వొచ్చింది. ఈ పెళ్లి మాట మొదలయ్యాక నవ్వడం అదే మొదటిసారి.

వంగి, సందులో తల పెట్టాను. మళ్లీ వెనక్కి తీసి, అతని చేతిలోంచి తీగ అందుకున్నాను.

"మీరే పోండి. మీరైతే రేపు మళ్లీ ఇంటికి రావచ్చు."

అతను బస్సెక్కేదాకా చూసి, ఒక్కదాన్నే గేటు వైపు నడిచాను.

దూరం నుంచి నన్ను చూడగానే నాయన నవ్వుతూ కారు తలుపు తీసి, పళ్లెం రెండు చేతులతో ఎత్తుకున్నాడు.