ఎర్ర అక్షరాలు

"మొగనికి మొలతాడు తెంపేది పెండ్లాం సచ్చినప్పుడు. నేనింకా బతికే ఉన్న గద సారు," అంది తిమ్మమ్మ, కత్తెర పట్టుకున్న జైపాల్‌కు అడ్డంగా నిలబడి.

జైపాల్ ఆ నారాయణగూడ స్కానింగ్ సెంటర్లో మిషన్ నడిపే మనిషి. "నిన్న గిట్లనే పరేషాన్ చేసినవ్. పోనీలే అని మొలతాడుతోనే స్కాన్ తీసిన. దానికున్న తాయెత్తు స్కాన్ల మెరిసి ఇయ్యాల నాకు తిట్లు," అన్నాడు.

బల్ల మీద దాసయ్య కళ్లు మూసుకుని పడుకున్నాడు. అశోక్ నగర్‌లో లేస్తున్న అపార్ట్‌మెంటుకు ఇటుకలు మోసే మనిషి. అతనికి పనిచేసేది ఒక్క కిడ్నీయే. దాని మీదే గడ్డ లేచింది, సూది గుచ్చి ముక్క తీయడానికి వీల్లేని చోట. అది ఏ రకం క్యాన్సరో నిన్న కంప్యూటర్ చెప్పింది. ఈ చుట్టుపక్కల బస్తీల వాళ్ల వేల పాత స్కాన్లు చూసి నేర్చుకున్న కంప్యూటర్ అది. నెమ్మది రకమైతే పచ్చ అక్షరాలు, చెడ్డ రకమైతే ఎర్రవి. దాసయ్యకు ఎర్రవి వచ్చాయి. అంటే కిడ్నీ తీసేయాలి. ఇక బతికినన్నాళ్లూ డయాలిసిస్. ఆపరేషన్ రేపు పొద్దున.

డాక్టర్ తేజస్వి లోపలికొచ్చింది. "అమ్మా, నా కంటికది నెమ్మది రకంలాగే ఉంది. గడ్డ ఒక్కటీ తీస్తే చాలు. కంప్యూటర్ మాత్రం కాదంటోంది. తాయెత్తు అడ్డొచ్చిందేమో, ఒక్కసారి తీయనివ్వండి."

"తీసినంక ఆయనకేమన్న అయితే?"

"తీయకపోతే రేపు కిడ్నీ పోతుంది."

దాసయ్య కళ్లు తెరిచాడు. "తెంపకు. ముడి విప్పు. నీ చేతికి కట్టుకో. నువ్వు బతికే ఉన్నవని దానికి తెలుస్తది."

తిమ్మమ్మ ముడి విప్పి, తాడును తాయెత్తుతో సహా మణికట్టుకు చుట్టుకుంది.

మిషన్ తిరిగింది. ఈసారి పచ్చ అక్షరాలు వచ్చాయి. తిమ్మమ్మ మణికట్టు మీది తాయెత్తును కళ్లకద్దుకుంది. తేజస్వి మాత్రం నవ్వలేదు. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టర్‌కు ఫోన్ చేసింది.

"నిన్న ఎరుపు, ఇవాళ పచ్చ. ఏది నమ్మమంటావమ్మా?" అన్నాడాయన. "నిజంగా చెడ్డ రకమై ఉండి, కిడ్నీ వదిలేస్తే మనిషి ఏడాది బతకడు. నిన్నటిది తప్పని రుజువుందా? లేకపోతే నేను తీసేస్తాను."

తేజస్వి చూపు తిమ్మమ్మ మణికట్టు మీద ఆగింది. "ఈ తాయెత్తు ఎప్పుడు కట్టించారమ్మా?"

"గడ్డ ఉన్నదని తెలిసినంక. చిక్కడపల్లిల ఒకాయన కట్టిండు. మా బస్తీల అందరం గంతే బిడ్డా. పానం మీదికొస్తేనే ఆయన తాన్కి పోతం. చిన్న రోగానికి తాయెత్తు ఎవరు కట్టించుకుంటరు?"

తేజస్వి ఫోన్‌లో, "సార్, పెట్టేయకండి. కంప్యూటర్ నేర్చుకున్నది గడ్డల్ని చూసి కాదేమో," అంది. "జైపాల్, రోజూ మిషన్ సరిచూడటానికి నీళ్ల డబ్బా పెడతావే, దాసయ్యను దింపి అది బల్ల మీద పెట్టు. అమ్మా, ఆ తాయెత్తు ఇటివ్వండి."

తిమ్మమ్మ దాసయ్య వైపు చూసింది. అతను తలూపాక విప్పి ఇచ్చింది. తేజస్వి దాన్ని డబ్బా మీద పెట్టింది.

"నీళ్లకు స్కానింగా మేడం? పేషెంట్ పేరేం రాయాలె?" అన్నాడు జైపాల్.

"నీ పేరే రాయి."

మిషన్ తిరిగి ఆగింది. నలుగురూ తెర వైపు చూశారు. తిమ్మమ్మకు చదువు రాదు, రంగు మాత్రం తెలిసింది.

జైపాల్ పేరు కింద, మూత బిగించిన డబ్బాలోని నీళ్లకు, ఎర్ర అక్షరాలు వచ్చాయి.