పద్నాలుగో ప్రశ్న

“మీ ఇంట్లో తుపాకీ ఉందా అంకుల్?”

కోటయ్య టీ కప్పు కింద పెట్టాడు.

“అది వదిలెయ్యమ్మా. తర్వాతది అడుగు.”

వసుమతికి ప్రాణం ఉసూరుమంది. అమెరికాలోని కమ్మింగ్ ఊళ్ళో ఆ రోజు అది ఆమెకి తొమ్మిదో ఇల్లు. తుపాకులున్న ఇళ్ళల్లో మనుషుల మనసు ఎలా ఉంటోందో తెలుసుకునే సర్వే. అన్నిటికీ నోరు విప్పేవాళ్ళు కూడా పద్నాలుగో ప్రశ్న దగ్గర బిగుసుకుపోతారు.

మొదట్లో ఈ ప్రశ్నలు ఇంట్లో భర్త హర్షవర్ధన్ మీదే ప్రాక్టీస్ చేసింది. “పద్నాలుగు స్కిప్ చెయ్యి. మనింట్లో గరిటెలు తప్ప ఏమున్నాయి?” అన్నాడతను.

ఉద్యోగం పోయాక అతను వేసిన జోకు అదొక్కటే. రాత్రిళ్ళు నిద్రపోడు. మనసెలా ఉందని ఊరందర్నీ అడిగే ఆమెకి, ఇంట్లో అడగడానికి మాత్రం భయం.

“పేరు బయటికి రాదంకుల్. ఉందో లేదో, అంతే.”

“చెప్పకపోతే ఏం రాస్తావు?”

“జవాబివ్వలేదు అని.”

“రాసుకో మరి.” ఆమె మెడలోని కార్డు మీద ఇంటిపేరు ఇంకోసారి చూశాడు. “మీ ఆయన బాగున్నాడా? నిద్ర పడుతోందా?”

“అడగాల్సింది నేనంకుల్,” అంది విసుగ్గా.

కారెక్కి టైప్ చేసింది: ‘తుపాకీ కాల్చడం నేర్పే షూటింగ్ రేంజ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఏదో దాస్తున్నాడు.’

మూడు వారాలకి ఆఫీసు నుంచి మెయిల్. పద్నాలుగో ప్రశ్న ఖాళీగా ఉన్న ఇళ్ళకి మళ్ళీ వెళ్ళాలి.

ఈసారి తలుపు కోటయ్య భార్య ఛాయాదేవి తీసింది. హాల్లో ఆయన ఫోటోకి దండ.

“గుండెపోటమ్మా. పదకొండు రోజులైంది. సర్వే అమ్మాయివి నువ్వేనా? నీకు ఉందనీ చెప్పలేక, లేదనీ అనలేక బాధపడ్డారు.”

వసుమతి ట్యాబ్ సంచిలో పెట్టేసింది. “వస్తానాంటీ.”

“ఉండు తల్లీ, చిన్న సాయం. నా కళ్ళకి శుక్లాలు.”

లోపలి గదిలో ఇనప్పెట్టె. అందులో నాలుగు తుపాకులు, ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ.

“ఒక్కటీ మాది కాదు. బతకాలని లేదు, ఇది నా దగ్గరుంటే ప్రమాదం అంటూ వచ్చినవాళ్ళవి. మనసు కుదుటపడేదాకా ఇక్కడ దాచేవారు. ఎవరివో వాళ్ళ ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పనని మాటిచ్చేవారు. వారానికోసారి ఫోన్ చేసి, నిద్ర పడుతోందా అని కనుక్కునేవారు. ఇప్పుడు వాళ్ళని ఎవరు కనుక్కుంటారు? ఆ పేర్లు చదివిపెట్టు, నేనే ఫోన్ చేస్తాను.”

“డేవిడ్… మార్కస్… రూత్…”

“నాలుగోది?”

నాలుగో చీటీ మీద తేదీ హర్షవర్ధన్ ఉద్యోగం పోయిన వారానిది. దస్తూరీ కూడా అతనిదే.