ప్రత్యర్థి బండి

“ఎక్కవయ్యా బండి. నువ్వు నడిచి చేరేసరికి నీ కుర్చీలో నేను కూర్చుని ఉంటాను,” అన్నాడు పెండర్‌గ్రాస్.

మోకాలి లోతు మంచులో ట్రెగెన్నా ఆగిపోయాడు. రైలు కొండ మలుపులో కూరుకుపోయి ఇక కదలదని తేలాక, సామాను అందులోనే వదిలేసి పట్టాల వెంబడి రాజధానికి నడుస్తున్నాడు. ఎదురుగా మంచు మీద జారే గుర్రపుబండి. అందులో ఎలుగు తోలు కోటు కప్పుకుని కూర్చున్న పెద్దమనిషి ఎన్నికల్లో అతని చేతిలో ఓడిపోయిన గని కంపెనీ లాయరు. ఇవాళ శాసనసభలో అతని సీటు లాక్కోబోతున్నవాడూ ఆయనే.

“ఎక్కించుకుని ఏ లోయలో తోసేద్దామని?”

“ఛ, నేను లాయర్ని. అలాంటి పనులు స్వయంగా చెయ్యను,” నవ్వాడు పెండర్‌గ్రాస్. “నువ్వు లేనప్పుడు గెలిస్తే దొంగచాటుగా కొట్టేశానని మీ గనివాళ్లు నన్ను బతికినన్నాళ్లూ తిడతారు. వచ్చి చెప్పుకోవలసింది చెప్పుకుని ఓడిపో. అప్పుడు నేను తలెత్తుకు తిరగొచ్చు.”

మా రాష్ట్రంలో ఎన్నిక మీద తగువొస్తే తీర్చేది కోర్టు కాదు, సభే. తీర్చడమంటే తలలు లెక్కపెట్టుకోవడం, అంతే. ట్రెగెన్నాని గెలిపించిన గని కార్మికుల ఓట్లన్నీ దొంగ ఓట్లని కంపెనీ పక్షం ఫిర్యాదు పెట్టింది. అతన్ని పక్కన పెడితే సభలో అటూ ఇటూ సమానం. తన సీటు గురించి తనే ఓటెయ్యకూడదని నియమం. సరిసమానమైతే ఆఖరి ఓటు స్పీకరుది, ఆ స్పీకరేమో కంపెనీ మనిషి. ఇక మిగిలింది ఒక్కటే ఆశ. తను లేచి మాట్లాడితే అవతలివైపు ఒక్కడి మనసైనా కరగకపోతుందా అని.

ట్రెగెన్నా బండి ఎక్కాడు. వేరే దారేముంది?

పెండర్‌గ్రాస్ కంబళి కప్పాడు. విస్కీ సీసా అందించాడు.

“మెథడిస్టు క్రైస్తవుణ్ణి. మందు ముట్టను.”

“ఈ చలికి దేవుడు చూసీచూడనట్టు పోతాడులే.”

“నాకు విస్కీ వద్దు, కొంచెం త్వరగా తోలు.”

“గుర్రాలు చస్తాయి.”

“గుర్రాల మీద ఉన్న జాలి గనిలో దిగే మనుషుల మీద లేకపోయిందే!”

“గుర్రాలు నా సొంతం కదయ్యా.”

మరో రోజైతే ట్రెగెన్నా ఆ మాటకి కాలర్ పట్టుకునేవాడే. ఇవాళ ఆ ఓపిక లేదు. మంచు దట్టమైంది, ముందు గుర్రాల చెవులు తప్ప ఏమీ కనిపించడం లేదు.

“పెండర్‌గ్రాస్, నిన్ను బతిమాలుతున్నా,” అన్నాడు హఠాత్తుగా. “మావాళ్లు షిఫ్టు దిగి, ఒంటి మీద చెమటైనా ఆరకుండా వానలో నిలబడి ఓటేశారు. వాళ్లని సభలో దొంగలంటుంటే నువ్వెక్కడున్నావురా అని అడిగితే ఏం చెప్పను? రైల్లో చలి కాచుకుంటున్నానని చెప్పనా? నీకు దణ్ణం పెడతాను, తోలు.”

శత్రువు ముందు కళ్లల్లో నీళ్లు తిరిగినందుకు సిగ్గుపడి మొహం తిప్పుకున్నాడు. పెండర్‌గ్రాస్ పగ్గాలు బిగించి పట్టాడు. కొరడా తీసి గుర్రాల వీపు మీద ఛెళ్లున వేశాడు. తర్వాత దారి పొడవునా వాటిని కొడుతూనే ఉన్నాడు. ఇతనిలోనూ ఒక మనిషున్నాడని ట్రెగెన్నాకి మొదటిసారి అనిపించింది.

శాసనసభ మెట్ల ముందు బండి ఆగేసరికి గుర్రాల నోళ్ల నిండా నురగ. పెండర్‌గ్రాస్ తన చేత్తోనే అతని భుజాల మీది మంచు దులిపాడు.

“పేర్లు పిలుస్తుంటారు. పరుగెత్తు!”

మెట్లన్నీ ఎలా ఎక్కాడో తెలియదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, తన పక్షం వైపు చూసి కొయ్యబారిపోయాడు. కుర్చీలన్నీ ఖాళీ. ఒక్కడంటే ఒక్కడు లేడు. ప్రాణం పోయినా నీ వెంటే ఉంటామని చేతిలో చెయ్యి వేసిన నాయకుడు హాలిస్టర్ కూడా లేడు.

ఎలాగూ ఓడిపోయే కేసని జారుకున్నారన్నమాట. తనవాళ్లు చేసిన ఈ పని ముందు శత్రువు చేసిన సాయం కొండంత కనిపించింది.

“ట్రెగెన్నా!” గుమాస్తా పిలిచాడు.

“హాజరు!” సభ అదిరేలా అరిచాడు. “నాకోసం ఎవరూ లేకపోయినా నేనున్నాను. నా మాట వినండి!”

అవతలి పక్షమంతా లేచి నిలబడి బల్లలు చరిచింది. కంపెనీ మనుషులే తనకి మర్యాద ఇస్తుంటే ట్రెగెన్నా వాళ్లకి తల వంచి నమస్కరించాడు. వీళ్లలో ఒక్కడైనా కరుగుతాడు, తప్పకుండా కరుగుతాడు.

“కావలసినంతసేపు మాట్లాడండి,” అన్నాడు స్పీకర్ వీట్లీ ఎంతో ఆదరంగా. “ముందు ఆ తలుపులకి తాళాలు వెయ్యండయ్యా, గౌరవ సభ్యులు మళ్లీ బయటికి వెళ్లకుండా.”

“నేనెందుకు వెళతాను?” అన్నాడు ట్రెగెన్నా.

“మీ సీటు కాపాడాలని మీవాళ్లంతా నిన్ననే రాష్ట్రం దాటిపోయారండీ, మీకు కబురు అందినట్టు లేదు. సభ నడవడానికి ఉండాల్సిన సంఖ్యకి ఒక్కరు తక్కువై, కోరం లేక, పొద్దుటి నుంచీ చేతులు ముడుచుకు కూర్చున్నాం. ఆ ఒక్కరూ ఇప్పుడే వచ్చారు.”