కేకల ఆట

“మూడు గంటల ఆటకి మీ టికెట్టొక్కటే తెగిందండీ. ఇబ్బందనుకుంటే వాపసు తీసుకుంటాం,” అంది కౌంటర్లో ఒనొదెరా.

“వద్దొద్దు, చూస్తాను,” అంది చిహయా.

“కేకల ఆట కదండీ. ఒక్కరే అరవాలంటే...”

“ఒక్కదాన్నే ఎందుకవుతాను? ఆకుపచ్చ ఇంకుతో రాసే మనిషి ప్రతి ఆదివారం ఈ ఆటకే వస్తారు కదా! ఎవరండీ వారు? ఇవాళా వస్తారా?”

ఒనొదెరా నడుం వంచింది. “ఇతర ప్రేక్షకుల సంగతి మేం చెప్పకూడదండీ. మన్నించండి.”

హిరొసాకి ఊరి జనం సినిమా హాల్లో దగ్గడానిక్కూడా మొహమాటపడతారు. అలాంటివాళ్ళు వెలిగే కర్రలూపుతూ, తెరమీది మంత్రగాళ్ళతో కలిసి గొంతు చించుకోవడానికి ఆదివారం రెండు ఆటలు పెట్టారు. చిహయా ఎప్పుడూ పదకొండు గంటల ఆటకి వచ్చేది. వారమంతా ఆమె నోరు విప్పేది కొట్లో ‘సంచి వద్దండీ’ అనడానికే. పాపం, ఆ అరుపుల కోసమే మిగతా ఆరు రోజులూ నెట్టుకొచ్చేది.

మొదటివారం, హాలు బయటి అభిప్రాయాల పుస్తకంలో ఆమె రాసింది: ‘పదకొండు గంటల ఆట చూశాను. ముసలి గురువమ్మ మౌనం అద్భుతం. కానీ మొదటి భాగంలో ఒక్కో మంత్రానికీ ఆయుష్షు కరిగేది. ఈ రెండో భాగంలో చిటికేస్తే చాలు. ఇంక భయమేముంది?’

పై వారం దాని కింద ఆకుపచ్చ ఇంకు: ‘మూడు గంటల ఆట చూశాను. మంత్రం వేసినప్పుడల్లా గురువమ్మ జుట్టు తెల్లబడుతోంది. కళ్ళజోడు మార్చుకోండి.’

ఎంత పొగరు! చిహయా మళ్ళీ చూసింది. నిజమే, తెల్లబడుతోంది.

‘జుట్టు సరే. ఆ డ్రాగన్ సంగతేమిటి? గాలి తీసిన రబ్బరు బొమ్మలా ఉంది.’

‘డ్రాగన్ దగ్గర నోరు మూసుకుంటున్నాను. మా అమ్మమ్మ వేణ్ణీళ్ళ సంచీ ఇంతకన్నా భయంకరంగా ఉంటుంది.’

అది చదివి చిహయా జనం మధ్య పకపకా నవ్వేసింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

ఇవాళ సినిమాకి ఆఖరి రోజు. ఇంక రాతలు చాలు, ముఖాముఖి పోట్లాడాలనుకుంది. అందుకే పుస్తకం వైపు కూడా చూడకుండా, ఉదయం ఆట మానుకుని మూడింటికి వచ్చింది. “జుట్టు విషయంలో మీరే గెలిచారండీ” అన్న మాట అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకుని మరీ వచ్చింది.

దీపాలారిపోయాయి. ఎవరూ రాలేదు.

కేకల ఆటలో ఒకరు మంత్రం సగం అంటే, మరొకరు మిగతా సగం అందుకోవాలి. చిహయా సగం అరిచి ఆగింది. ఖాళీ కుర్చీలు పలకలేదు. మిగతా సగం తనే అంది. రెండున్నర గంటలూ అలాగే గడిచాయి. చివర్లో గొంతు బొంగురుపోయింది, ఏడుపొచ్చింది. పేర్లన్నీ అయిపోయి దీపాలు వెలిగేదాకా, అలవాటు కొద్దీ కదలకుండా కూర్చుంది.

బయటికొచ్చి, “ఆ పుస్తకం ఇవ్వండి,” అంది ఒనొదెరాతో.

‘మీరింత పిరికివారనుకోలేదు’ అని రాయాలని ఆమె కోపం.

ఒనొదెరా రెండు చేతులతో పుస్తకం అందించి నడుం వంచింది. ఈసారి ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

చివరి పేజీలో ఆకుపచ్చ ఇంకు:

‘మధ్యాహ్నం రెండింటి రైలుకి ఈ ఊరు వదిలి శాశ్వతంగా వెళ్ళిపోతున్నాను. ఒక్కసారైనా మీతో కలిసి అరవాలని ఇవాళ పదకొండు గంటల ఆటకే వచ్చాను. హాలు మొత్తానికి నేనొక్కణ్ణే.’