రోటి పచ్చడి

గోంగూర మిక్సీలో వెయ్యాలా, రోట్లో నూరాలా అని పొద్దున్నే అత్తయ్యతో గొడవ.

“మిక్సీలో వెయ్యవే, హైమా! చేతి పట్టీ ఎర్రబడి నువ్వు మంచమెక్కితే ఇంట్లో పొయ్యి వెలగదు,” అన్నారు అత్తయ్య.

ఇప్పుడు అందరి చేతికీ ఓపిక పట్టీలే; ఒంట్లో ఓపికుంటే పచ్చగా ఉంటాయి, అయిపోతే ఎర్రబడతాయి. కోవిడ్ వచ్చిపోయినా నీరసం వదలనివాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు, ఎక్కువగా ఆడవాళ్లు. నా లెక్కల టీచరు ఉద్యోగం మానిపించింది ఆ ఎర్రరంగే. నూరగలిగితే పాఠం కూడా చెప్పగలనని నా పంతం.

పీట మీద కూర్చుని, అలుపు రాకముందే ఆగుతూ నూరాను. పట్టీ పచ్చగానే ఉంది.

భోజనాల దగ్గర అత్తయ్య మారు పచ్చడి వేసుకున్నారు.

“సోమవారం నుంచి బడికి వెళ్తున్నాను. కుర్చీలో కూర్చునే చెబుతాను,” అన్నాను.

“మరి వంట?” అన్నారు మావారు.

“నీ పట్టీ ఏనాడూ ఎర్రబడలేదుగా, నాయనా. నువ్వే!” అన్నారు అత్తయ్య.