లండన్‌కి ఇచ్చేసిన ఆదివారం

"మా ఊరి ఆదివారాన్ని ఎవరినడిగి లండన్‌కి ఇచ్చేశారు మేడమ్?"

కాజ్ వోయ్నార్ లేచి అడిగిన ఆ మాటకు హాలంతా గొల్లున నవ్వింది. ఇళ్ల పైకప్పులు వేసి వేసి కాయలు కాసిన చేతులతో ముందు కుర్చీని గట్టిగా పట్టుకుని నిలబడ్డాడతను. పక్కన కూర్చున్న స్నేహితుడు వెర్న్ నవ్వాపుకోలేక తల దించుకున్నాడు.

వేదిక మీదున్న మెరెడిత్ హాస్కెల్ మాత్రం నవ్వలేదు. అమెరికాలోని ఆ ఊరివాళ్లకు నచ్చజెప్పడానికి అక్కడి డాక్‌మెన్ ఫుట్‌బాల్ జట్టు ఆమెను పంపింది.

"జట్టును తీసుకుపోవడం లేదండీ. ఈ ఏడు ఇక్కడ ఆడాల్సిన వాటిలో ఒక్క ఆదివారం మ్యాచ్ అక్కడ ఆడతాం. అక్కడి పిల్లలు నిద్ర మానుకుని మన ఆట చూస్తున్నారు. వాళ్లకి మాత్రం ఒక్కసారి కళ్లారా చూడాలని ఉండదా?"

"చూడనివ్వండి. సీజన్‌కి ముందు సరదాగా ఆడే మ్యాచులున్నాయిగా, అవి చూపించండి. గెలుపోటములు లెక్కకొచ్చే మ్యాచ్ మాత్రం ఇక్కడిది ఇక్కడే జరగాలి. చక్రాల కుర్చీల్లో వచ్చే ముసలాళ్లున్నారు. చర్చి వాకిట్లో సాసేజీలు కాల్చి అమ్మే ఆడవాళ్లున్నారు. వీళ్లంతా సముద్రం దాటి రాగలరా?"

"మీ గురించి విన్నాను వోయ్నార్ గారూ. జట్టు ఏ ఊళ్లో ఆడినా మీరూ మీ డ్రమ్మూ అక్కడ హాజరట. లండన్ కూడా అలాంటి ఇంకో ఊరే అనుకోండి."

"నా వ్యాన్ అక్కడిదాకా వెళ్లదండీ."

ఈసారి మెరెడిత్ కూడా నవ్వింది. "వ్యానెందుకు? మీరూ, మీ ఆవిడా, మీ డ్రమ్మూ మా అతిథులుగా జట్టుతోపాటు విమానంలో రండి. ఇంతమంది ముందు మాటిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. వెర్న్ స్నేహితుడి మోచేయి పొడిచాడు. "ఒరేయ్, సరేననరా."

కాజ్ ముఖంలో నెత్తురు ఇంకిపోవడం వెర్న్ చూశాడు. కోపమనుకున్నాడు.

"నన్నొక్కణ్ణి మంచి చేసుకుంటే ఊరంతా నోరు మూసుకుంటుందనుకున్నారా?" అన్నాడు కాజ్. "నేను రాను."

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి.

బయట వ్యాన్ దగ్గర వెర్న్ అతన్ని పట్టుకున్నాడు. "నిజం చెప్పనా? నాకైతే వెళ్లడమే బాగుందిరా. మన ఆట ఎప్పుడూ మన గోడల మధ్యే మగ్గాలా?"

"నువ్వెళ్లు. నేనేమన్నా కాళ్లు పట్టుకుని ఆపానా?"

"నువ్వు లేకుండా ఎప్పుడైనా చూశానట్రా? నీకు ఈ ఊరి పిచ్చి ముదిరింది. వంతెన దాటితే కెనడా, అక్కడికెళ్లి వేయించిన చేపలు తినొద్దాం రమ్మన్నా ఏనాడూ రాలేదు."

"ఆ గట్టు చేపలు నాకు పడవు."

"చేపలు కాదు, విమానమంటే నీకు భయం. అది ఒప్పుకోవడానికి నామోషీ. పిరికితనాన్ని దాచుకోవడానికే ఊరూ ఆదివారం అంటూ ఉపన్యాసాలు."

కాజ్ వ్యానెక్కాడు. పక్కసీట్లోంచి అతని భార్య డొరీన్ వెర్న్ వైపు చూసి, ఏదో అనబోయి, ముఖం తిప్పుకుంది.

ఆ తర్వాత స్నేహితులిద్దరికీ మాటల్లేవు. కాజ్ మాత్రం పట్టు వదల్లేదు. పని దిగగానే ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కూడగట్టాడు. మంచువాన పడుతున్నా స్టేడియం గేటు ముందు నిలబడి డ్రమ్ము మోగించాడు. టీవీ వాళ్లొస్తే పక్కవాళ్లను ముందుకు తోసి తాను తప్పుకునేవాడు. పేరు కోసం పాకులాడని మనిషని అందరూ మెచ్చుకున్నారు.

పోటీలు నడిపే లీగ్ మనసు మాత్రం మారలేదు. జట్టు లండన్ వెళ్లింది.

వెర్న్ వెళ్లలేదు. పక్కసీట్లో కాజ్ లేని మ్యాచ్‌ని ఊహించుకుంటేనే ప్రయాణం మీద మనసు విరిగిపోయింది. ఆదివారం పొద్దున మ్యాచ్ మొదలయ్యే వేళకు అతని కారు దానంతట అదే అన్నట్టు స్టేడియం వైపు మళ్లింది.

గేట్లకు తాళాలున్నాయి. వ్యాన్ తలుపులు తెరిచి, రేడియో పెద్దగా పెట్టి, ఆ తాళాల ఎదురుగా నిలబడి కాజ్ డ్రమ్ము వాయిస్తున్నాడు. చుట్టూ జనం. చర్చి ఆడవాళ్లు పొయ్యిలు తెచ్చుకున్నారు.

ఆట సగంలో రేడియోలో కబురొచ్చింది. వచ్చే ఏడు రెండు మ్యాచులు విదేశాల్లోనట. జనం ఉసూరుమన్నారు.

"అయితే వచ్చే ఏడు రెండు ఆదివారాలు ఇక్కడ వాయిస్తాను," అన్నాడు కాజ్, చలికి కమిలిన వేళ్లను ఊదుకుంటూ. మళ్లీ కర్రలందుకున్నాడు.

డాక్‌మెన్ గెలిచారు. అందరూ కావలించుకుంటుంటే కాజ్ ఒక్కడూ గేటు కమ్మీల మధ్య నుంచి ఖాళీ మైదానం వైపు చూస్తూ నిలబడ్డాడు. కళ్ల నిండా నీళ్లు.  వెర్న్ కాఫీ పోస్తున్న డొరీన్ దగ్గరికి విసురుగా వెళ్లాడు.

"చూడమ్మా వాణ్ణి. అక్కడుండాలని ప్రాణం కొట్టుకుంటోంది. అయినా పంతం. దీన్ని పిరికితనం అనక ఏమనాలి?"

డొరీన్ కాఫీ గిన్నె దించి, అతని చేయి పట్టుకుని జనానికి దూరంగా తీసుకెళ్లింది.

"ఆ మాట ఇంకోసారి అనకు అన్నయ్యా. వినలేకపోతున్నాను."

"మరి ఏమిటి? ఒక్కసారి వెళ్లొస్తే ఏం పోయేది?"

"వెళ్తే మళ్లీ రానివ్వరు."

"ఎవర్ని, కాజ్‌నా? ఎందుకు రానివ్వరు?"

డొరీన్ చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఈ దేశంలో ఉండటానికి ఆయనకి కాగితాల్లేవు."